కబడ్డీ కళ్ళతో రగ్బీ

తనకి రాని పని లోకంలో లేదని మనిషి మనస్ఫూర్తిగా నమ్మే వయసొకటుంటుంది. నాకా వయసు అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో, నలుగురం కలిసి ఉన్న రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో గడిచింది. మాస్టర్స్ అయిపోయింది, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) మొదలైంది, తొంభై రోజుల్లో ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. అరవై రోజులు దాటాక ఒక ప్రకటన కనబడింది: రగ్బీ జట్టుకి డేటా అనలిస్టు కావలెను. అంటే ఆటల వీడియోలు చూసి ఎవరేం చేశారో పట్టికలు కట్టే పని. నేను రగ్బీ బంతిని దూరం నుంచి కూడా చూసి ఎరగను. రెజ్యూమెలో ఏం రాయాలని తల పట్టుకుంటే మా రూమ్మేటు (వరంగల్ మనిషి, మా అందరి రెజ్యూమెలకీ అతనే బ్రహ్మ) తేల్చేశాడు. "గింత దానికి టెన్షన్ ఎందుకు మామా? రగ్బీ అంటే మన కబడ్డీ లెక్కనే. బాల్ ఒకటి ఎక్స్‌ట్రా ఉంటది, అంతే. త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ అని పెట్టెయ్!" పెట్టేశాను. వాళ్ళు నమ్మేశారు. ఇంకా దారుణం, కొన్నాళ్ళకి నేనూ నమ్మేశాను.

ఆ జట్టులో ఒక వేల్స్ దేశస్థుడు ఉండేవాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కుర్రాళ్ళు తాతా అని పిలిచేవారు, నేను మాత్రం మనసులో పెద్దాయన అనుకుని, పైకి సార్ అనేవాణ్ణి. (వద్దని ఎన్నిసార్లు చెప్పినా నా నోరు వినలేదు.) బొగ్గు గనులు మూతపడ్డాక వాళ్ళ ఊరికి మిగిలినవి వానా, రగ్బీయేనట. పద్దెనిమిదో ఏట ప్రొఫెషనల్ అయ్యాడు. అన్నేళ్ళు ఆడితే దేశం తరఫున ఎర్ర జెర్సీ వేసుకున్నది ఒక్కసారి, అదీ ఎవరికో దెబ్బ తగిలితే చివరి పదకొండు నిమిషాలు. "అందులో నాలుగు నిమిషాలు నా ముక్కుకి దూది పెట్టడానికే పోయాయి బాబూ" అని నవ్వేవాడు. చెవులు రెండూ నలిగి గడ్డకట్టిపోయాయి, ఎడమ మోకాలికి మూడు ఆపరేషన్లు. అయినా ఆయన బతుకూ మాలాంటిదే, కాంట్రాక్టు ఉంటేనే వీసా. ఇంకొక్క సీజన్ దొరికితే కోచింగ్ కోర్సు పూర్తి చేసుకుని ఆటలోనే ఉండిపోతాడు. లేకపోతే ఇంటికెళ్ళి బావమరిది దగ్గర డెలివరీ వ్యాను నడపాలి. ఆ సంగతి నాకు ఆయనే చెప్పాడు.

కాంట్రాక్టులు తేల్చే వారం రానే వచ్చింది. మేనేజరు ఒక్కో ఆటగాడి మీదా రిపోర్టు అడిగాడు. ఆయన అంతకుముందు బాస్కెట్‌బాల్‌లో పనిచేసి వచ్చినవాడు. రగ్బీ గురించి నాకంటే కూడా కాస్త తక్కువే తెలుసు, పాపం. నేను రంగురంగుల పట్టికలతో అదరగొట్టేశాను. నాకు తెలిసిందల్లా మా వీధిలో ఆడిన కబడ్డీ. అందులో పట్టుబడి నేల మీద పడ్డవాడు అవుట్, ఇంకో మాట లేదు. అంచేత ఎవరైనా కింద పడి, వాడి మీద జనం పడి, లేవలేకపోతే దాన్ని ఓటమి కింద రాసి ఎర్రరంగు వేశాను. పెద్దాయన ఒక్కో ఆటలో ముప్ఫై, నలభైసార్లు పడేవాడు. ఆయన పేజీ అంతా ఎర్రగా మందారాలు పూసినట్టుంది. జట్టు మొత్తంలో అట్టడుగు స్థానం.

రెండు రోజుల తర్వాత కోచ్ నా భుజం మీదుగా ఆ పేజీ చూసి, "ఏమిటీ ఎరుపు?" అన్నాడు. వివరించాను. ఆయన పేజీ మీదున్న పెద్దాయన పేరు వేలితో చూపించాడు. "బంతి ఉన్నవాడు పడిపోగానే అందరికంటే ముందు ఉరికి, ఎదుటివాళ్ళని తోసి, అడ్డంగా పడేది ఈయనేనయ్యా! ఈయన కింద పడితేనే మనవాళ్ళు బంతి తీసుకుని పరిగెత్తేది. పడటమే ఆయన ఉద్యోగం. మూడేళ్ళ అనుభవమన్నావు?"

ఆ మధ్యాహ్నమంతా తిండి మానేసి లెక్కలు మళ్ళీ కట్టాను. ఎర్రవన్నీ పచ్చవయ్యాయి, పెద్దాయన మొదటి స్థానానికొచ్చాడు. కాగితాలు పట్టుకుని మేనేజరు గదికి పరిగెత్తాను. ఆయన శ్రద్ధగా తిరగేసి, "చాలా బాగుంది. కానీ ఆయన చోట్లో నిన్ననే వేరే అతన్ని సైన్ చేయించేశాం" అన్నాడు. ఏ తప్పూ లేని మనిషిని నేను, కేవలం నా గొప్పతనంతో, ఇంటికి పంపించేశానని ఆ గది బయట నిలబడ్డాక అర్థమైంది. ఏడుపొచ్చింది.

పార్కింగ్ లాట్‌లో పెద్దాయన కారు వెనక తలుపెత్తుకుని కూర్చుని, మోకాలికి ఐస్ పెట్టుకుంటున్నాడు. కబడ్డీతో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఏమన్నావు, మీ ఆటలో పడితే అవుటా?"

"అవును సార్."

"అయితే నేను పద్దెనిమిదో ఏటే అవుట్" అని పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"సార్, నా రిపోర్టు వల్లేనా?"

"ఛ, ఛ. ఈ మోకాలి వల్ల. నెల కిందటే చెప్పేశారు నాకు. నువ్వు మనసులో పెట్టుకోకు, వెళ్ళి ఏమన్నా తిను, మొహం పీక్కుపోయింది."

నా మొహంలోకి చూడకుండా, ఐస్ సంచీ సర్దుకుంటూ చెప్పాడా మాట. అది ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు మాత్రం గుండెల మీంచి బండ దిగిపోయింది. ఉద్యోగం పోయిన మనిషి పోగొట్టినవాణ్ణి ఓదారుస్తుంటే, ఆ ఇరవై నాలుగేళ్ళ మేధావి ఆ ఓదార్పంతా మూటగట్టుకుని, థాంక్యూ సార్ అని, సరాసరి వెళ్ళి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఒక్కడే తినేశాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎదురుపడితే రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. కానీ వాడు తిన్న తీరు తలుచుకుంటే, ఏం చెయ్యను, నవ్వొస్తుంది.