నారాయణపేటోళ్లకు పడ్డదా?

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. ఏం గాలి సోకిందో ఏమో, మా నల్గొండలో హోటళ్లన్నీ ఒక్కొక్కటిగా వేషాలు కట్టడం మొదలుపెట్టాయి. ఒకటి గుహ అయింది, ఇంకొకటి జైలు అయింది. అన్నం తినడానికి ఇంత తతంగం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు గానీ, చూడకుండా ఉండలేని వయసు. అప్పుడే ఒక మందుల దుకాణంలో పనికి కుదిరాను. నాతో పనిచేసే ఆఫర్ బావ (ఊళ్లో ఎక్కడ ఏది తగ్గింపులో దొరికినా ముందు అతనికే తెలిసేది, అందుకే ఆ పేరు) ఒక రోజు రైలు హోటల్ సంగతి మోసుకొచ్చాడు. "కూర రైలెక్కి వస్తదిరా, మనిషి తేడు!" అన్నాడు. ఇక నాకు మందు సీసాల మీద మనసు నిలవలేదు.

మొదటి జీతంతో మా అవ్వకు, అంటే నాయిన వాళ్లమ్మకు, ఏం చెయ్యాలా అని అప్పటికే తల పట్టుకుని ఉన్నాను. చీర కొంటే పెట్టెలో దాస్తుంది, మిఠాయి కొంటే వాడంతా పంచేస్తుంది. నా సంపాదనలో ఒక్క ముద్దయినా ఆమె నోట్లోకి పోవాలని నా పంతం. రామన్నపేట దగ్గర మా ఊళ్లో గొర్రెల వెంట తిరుగుతూ నన్ను సాకిన మనిషి, హోటల్ గడప తొక్కి ఎరగదు. "రైలు చూపిస్త రా అవ్వా" అంటే మాత్రం వెంటనే చెప్పులు వేసుకుంది. (అన్నం తినిపిస్తానంటే వచ్చేది కాదు.)

లోపల గోడల నిండా కిటికీల బొమ్మలు, ఆ కిటికీల్లో రంగుల పొలాలు. ఒక్కో టేబుల్ మీద ఒక్కో స్టేషన్ బోర్డు. ఏరికోరి అవ్వను రామన్నపేటలో కూర్చోబెట్టాను. నల్లకోటు వేసుకున్న వెయిటర్‌ను చూడగానే ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "టికెట్ తీసుకున్నవా కొడకా?" అని గుసగుసలాడింది. ఇంతలో చిన్న రైలు కూత పెట్టుకుంటూ వచ్చి సరిగ్గా మా ముందే ఆగింది. పెట్టెల్లో బగారన్నం, కోడికూర. అవ్వ వంగి చక్రాల కిందికి చూసింది, పట్టాలను వేలితో తడిమింది. "దీనికి సదువొచ్చా ఏంది? గిదే రామన్నపేట అని ఎట్ల ఎరుకైంది?" నాకూ తెలియదు. ఇద్దరం కలిసి టేబుల్ కిందికి దూరినంత పని చేశాం.

వడ్డించి, "తిను అవ్వా" అన్నాను. ఆమె చెయ్యి కదపలేదు. "ఆగు, పక్కోళ్లకు ఇంక పడలే." మా ఊళ్లో బంతికి కూర్చుంటే చివరి మనిషి దాకా వడ్డన అయి, ఎవరో ఒకరు 'ఇగ కానియ్యుండ్రి' అనేదాకా ముద్ద ముట్టరు. అవ్వ లెక్కలో ఆ పట్టాలు పోయినంత దూరమూ ఒకటే బంతి! "ఇది హోటల్ అవ్వా, ఎవలది వాళ్లు తింటరు" అంటే, "గట్లెట్ల? ఒకటే పొయ్యి, ఒకటే రైలు" అంది. పక్కవాళ్లకు పడేసరికి అవతల టేబుల్ ఖాళీ అయి కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఈ బంతికి చివర అనేదే లేదని అప్పుడు అర్థమైంది. "బస్సు టైమయితాంది అవ్వా, ఒక్క ముద్ద!" అని బతిమాలాను. ఆ ముద్ద ఆమె నోటికి అందకుండానే పోతుందేమోనని నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు అవ్వ లేచి నిలబడింది. మందను అదిలించిన గొంతు అది. "అందరికి పడ్డదా?" నేను మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మిర్యాలగూడ బోర్డు కింద బుగ్గలో ముద్దతో ఉన్న ఒక లావుపాటాయన నమలడం ఆపేశాడు. ఆ ముద్దను ఏదో తప్పు చేసినవాడిలా గబుక్కున మింగి, "మాకు పడ్డది అవ్వా. ఆ నారాయణపేటోళ్లకే ఇంక పడలే!" అని చివరి టేబుల్ చూపించాడు. అక్కడ కొత్తగా పెళ్లయిన జంట సిగ్గుతో చచ్చిపోతున్నారు. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత ఎవరూ తినలేదు. చెంచాలు కింద పెట్టేశారు. తలుపు దగ్గరికి కొత్తగా ఎవరో వస్తే నల్లకోటాయన, "జర ఆగుండ్రి సార్, బంతి లేవలే" అన్నాడు. రైలు రొట్టెలు మోసుకుంటూ మా అందరి ముందు నుంచి పోతుంటే మెడలన్నీ దాని వెంటే తిరిగాయి. ఆ అమ్మాయి గిన్నె దించుకుని, "పడ్డది అవ్వా!" అని అరిచింది. "ఇగ కానియ్యుండ్రి" అంది అవ్వ, ఆ ఇంటి యజమానురాలిలా. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. "సల్లగైంది గని, మంచిగున్నది కొడకా."

ఆ హోటల్ ఇప్పుడు లేదు, అవ్వా లేదు. (రైలు ఎలా ఆగేదో ఇప్పటికీ కనుక్కోలేదు. తెలిసినా అవ్వకు చెప్పలేను కదా.) మెనూ కార్డు వెనక దాక్కున్న ఆ పిల్లగాడిని తలచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం జాలి కూడా. ఇప్పుడు పిల్లలతో ఏ హోటల్‌కు వెళ్లినా, అన్నం కలిపి నాకు తెలియకుండానే చివరి టేబుల్ దాకా చూస్తాను. "ఎవలి కోసం చూస్తున్నరు? సల్లారిపోతాంది" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

"నారాయణపేటోళ్లకు ఇంక పడలే" అంటాను.