మారు మనిషి

జనగామలో మా పక్కింటామె పోపులో ఎండుమిరపకాయ వేసిందంటే ఇప్పటికీ నాకు మానుకోట మిర్చి సీజన్ ముక్కులకొస్తది. ఆ రోజుల్లో మా మిర్చి ఘాటుకు ఆకాశంల పోయే కొంగలు తుమ్మి కింద పడేవి. నేనే రెండింటిని ఏరుకొచ్చి పెంచిన, నమ్మితే నమ్మండి. హోళికి మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్ళల్ల మేం తడిసే నాటికి బజార్లన్నీ ఎర్రటి కుప్పలయ్యేవి, ఆ దుమ్ము ఉగాది భక్షాల దాకా చేరి తీపికి కూడా కారం తగిలేది.

మా బాపు ఒక అడ్తి దుకాణంల బస్తాలు తొక్కేటోడు. నిలబెట్టిన గోనెసంచిలకు దిగి, పైనుంచి మిరపకాయలు పోస్తుంటే కాళ్ళతోని అదుముకుంట, కాయతో పాటు తనూ పైకి లేచుకుంట బయటపడాలె. పొద్దుమూకి ఇంటికొస్తే మా అవ్వ గడప అవతలనే నిలబెట్టి కాళ్ళ మీద మజ్జిగ పోసేది. బాపు దగ్గితే మా ఇంటి పెంకులు ఎగిరి పక్కింటి మీద పడతయని బళ్ళె గొప్పలు చెప్పుకునేటోణ్ణి. ఆఖరికి దవాఖానల డాక్టరు, ఇంకో సీజన్ తొక్కితే బతకవన్నడు.

అయితే మా దిక్కు నౌకరి విడిచేందుకు ఒక మర్యాదుండె. ఉగాదినాడు సావుకారి ఇంటికి పోయి చెప్పాలె, తన జాగల మారు మనిషిని నిలబెట్టాలె. చెప్పకుండ పోయినోణ్ణి బజార్ల కుక్క కూడా పలకరియ్యది. బాపు వాడంతా తిరిగిండు. ఆయన దగ్గు విన్నోళ్ళెవరూ ఒప్పుకోలే.

అప్పుడు మా సాయిలు కాక నవ్విండు. బాపుకు తమ్ముడు, మీసాలింకా సరిగ రానోడు, మాతోని చిర్రగోనె ఆడేటోడు.

"నేను తొక్కుత తీయన్నా. ఎగురుడే కదా!"

అవ్వ బాపు మీదికి లేచింది. "సిగ్గుండాలె నీకు. నీకు పడనిది పోరనికి పడ్తదా?"

"మనిషిని పెట్టకుండ ఏం మొఖం పెట్టుకొని రావాలెనే?"

ఉగాదినాడు బాపే కాక కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి, గట్టిగున్నయా అని రెండుసార్లు గుంజి చూసిండు. సావుకారి బాపుకు కొత్త కండువ కప్పి, పక్కన కూసోబెట్టుకొని భక్షాలు తినిపిచ్చిండు. నౌకరి విడిస్తే గిట్ల విడవాలె అని బజారంతా మెచ్చుకున్నది.

మేం నర్మెట్ట పోయి అమ్మమ్మోళ్ళ చెలక దున్నుకున్నం. బాపు దగ్గు తగ్గింది. దసరకొచ్చిన ప్రతిసారీ కాక దగ్గు పెరిగింది. చిర్రగోనె కట్టెలు తెస్తే, మీరాడుండ్రి నేను చూస్త అనేటోడు. ఒక ఎండకాలం పోయిండు. ఇక్కడ నాకు కోతలు కొయ్యరాదు.

దినాలకు సావుకారి వచ్చి నిజంగనే ఏడ్చిండు. కండ్లు తుడుచుకొని లేచుకుంట, "మంచి పోరడు. మారు మనిషిని చూపెట్టకనే పాయె," అన్నడు.

బాపు లేచి సావుకారి ఎంట పోయేతందుకు చెప్పులు తొడుక్కోబోయిండు. అవ్వ ఆ చెప్పులు గుంజుకొని పొయ్యిల పడేసింది. ఆ తర్వాత బాపు చాన ఏండ్లు బతికిండు. బతికినన్నాళ్ళు మానుకోట పేరెత్తలే.

మొన్న పనిబడి అక్కడి మిర్చి బజారుకు పోయిన. సావుకారి కొడుకు చాయ్ తాగిపిచ్చి పరేషాన్‌గ చెప్పుకున్నడు. "ఇప్పుడెవ్వడు చెప్పి పోతలేడన్నా. పొద్దుగాల ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మీ బాపు అసుంటి మర్యాదస్తులు లేరు."

నిజమే, లేరు. ఆ మర్యాద పోయింది. జర ముందుగాల పోయుంటే మా కాక ఉండేటోడు.