పుట్టుమచ్చ ఏ వైపు

ట్యూబు మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. టీవీలు బాగుచేస్తారు, అంతే. పిక్చర్ ట్యూబు పోయిందని తక్కిన మెకానిక్కులు చేతులెత్తేసిన సెట్లకు కూడా ప్రాణం పోసేవారు కాబట్టి వీధివాళ్లు ముందు ట్యూబు అన్నారు. బాగుచేసిన ప్రతిసారీ, అడిగినా అడక్కపోయినా, జబ్బు ఎక్కడ పుట్టిందో గిరాకీని నిలబెట్టి వివరించేవారు కాబట్టి మాస్టారు కూడా తగిలించారు. ఇప్పుడు ఆయన అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు.

యాభై ఎనిమిదేళ్ల ఆ మాస్టారు ఆ నెలంతా కాలుకాలిన పిల్లిలా తిరిగారు. నెలాఖరుకి పాత ప్రసారాలు ఆపేస్తున్నారు. ఆ తర్వాత అంతా డిజిటలే. ఈ సంగతి టీవీయే తన కాళ్ల దగ్గర అక్షరాలు పరుగెత్తిస్తూ రోజూ చెబుతోంది. మేడ మీది యాంటెన్నా ఇక తువ్వాళ్లు ఆరేసుకోవడానికే. తన పని ఏమవుతుందన్న బెంగ ఆయనకి పెద్దగా లేదు. ఫ్యాన్లున్నాయి, మిక్సీలున్నాయి, ఎలాగో గడుస్తుంది. ఆయన్ని కూర్చోనివ్వనిది, తిన్నది ఒంటబట్టనివ్వనిది ఒక్కటే: అక్క వార్తలు.

అక్కకి చెవులు లేవు. ఎనిమిదో ఏట జ్వరం వచ్చి రెండూ తీసుకుపోయింది. బడి అక్షరాలు పట్టుబడకముందే ఆగిపోయింది, మాట మాత్రం నిలిచింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చినవాళ్లలో ఎవడి పెదాలూ నిలకడగా లేవని చెబుతుంది. అసలు లోకం మీద ఆవిడ ఫిర్యాదే అది. మరదలు పొయ్యి వైపు తిరిగి మాట్లాడుతుంది. తమ్ముడు టీవీలో తల పెట్టి మాట్లాడతాడు. పక్కింటామె నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నలుగుతూ ఉంటుంది. కొట్టుకొచ్చే గిరాకీల్లో సగం మందికి మీసాలు పెదాల మీదికి దిగి ఉంటాయి.

ఒక్క మనిషే వీళ్లందరికీ భిన్నం. సాయంత్రం ఏడు గంటల వార్తలు చదివే ఆవిడ. తల తిప్పదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోదు, ఒక్కో మాటా తీరిగ్గా చెప్పి పెదాలు మూస్తుంది. చెంప మీద మిరియపుగింజంత పుట్టుమచ్చ. "నా మొహంలోకి చూసి మాట్లాడేది ఈ లోకంలో ఆవిడొక్కతే" అంటుంది అక్క. ఆ అరగంటా ఆవిడ్ని ఎవరూ కదిలించకూడదు. అది అయ్యాక వంటింట్లోకి వెళ్లి, ఎక్కడ వంతెన కూలిందో, ఏ మంత్రి రాజీనామా చేశాడో మరదలికి పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ ఇంట్లో చెవులున్న ఇద్దరికీ వార్తలు చెప్పేది చెవులు లేని అక్కే.

వాళ్ల ముందుగదే కొట్టు. సొంత టీవీ బల్ల మీద వీధికి మొహం పెట్టుకుని ఉంటుంది. మెకానిక్కు సెట్టే బాగా కనిపించకపోతే మనకేం చేస్తాడని జనం అనుకోకుండా మాస్టారు మొదటి రోజునుంచీ దాన్ని అలాగే పెట్టారు. బల్లకి లోపలి పక్కన ఆయన స్టూలు, ఆ వెనక అక్క స్టూలు. సన్నటి తీగలకి సోల్డరింగ్ పెట్టే పని అక్కదే, ఆయన చేతికంటే ఆవిడ చెయ్యి నిలకడ. వాళ్లకి ఎదురుగా, గుమ్మం పక్క గోడకి ఒక పాత బీరువా తలుపు అద్దం వేలాడుతూ ఉంటుంది. సెట్టు వెనక కూర్చుని మరలు తిప్పేవాడికి ముందు బొమ్మ ఎలా వస్తోందో తెలియాలి కదా. ఆ రోజుల్లో ప్రతి మెకానిక్కు కొట్లోనూ అలాంటి అద్దం ఒకటుండేది.

మాస్టారు ముందు తేలికదారి పట్టారు. పాత టీవీకే తగిలించే డిజిటల్ డబ్బా తెచ్చి పెట్టారు. బొమ్మ నిలువునా సాగింది. వార్తలావిడ మొహం సొరకాయలా పొడుగై, తల కదిలినప్పుడల్లా నోటి దగ్గర చిన్న చిన్న గళ్లు లేచాయి.

"ఆవిడ మూతి ఎవరో నొక్కేశార్రా" అంది అక్క. "ఒక్క ముక్క తెలియట్లేదు."

ఆయన డబ్బాలో ఉన్న బొత్తాలన్నీ నొక్కారు, సెట్టులో ఉన్న మరలన్నీ తిప్పారు. ఆ ట్యూబుకి అప్పటికే మూడుసార్లు పునర్జన్మ ఇచ్చారు. నాలుగోది దానివల్ల కాదని ఆయనకే తెలుసు. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది.

"కొత్తది కొనాలక్కా. ఎలాంటిది కావాలి నీకు?"

"పెద్దదైనా చిన్నదైనా నాకొకటే. ఆవిడ మాట్లాడితే నాకు తెలియాలి. అంతే."

అంత చిన్న కోరికతో మాస్టారు షాపులమీద పడ్డారు. పడ్డాక తెలిసింది, ఏ షాపులోనూ ఏ టీవీలోనూ మనుషులు మాట్లాడరని. చేపలు ఈదుతున్నాయి. జలపాతాలు దూకుతున్నాయి. పువ్వులు మెల్లగా విచ్చుకుంటున్నాయి.

"మనుషులు లేరా బాబూ?" అని అడిగారు సేల్స్‌మన్‌ని.

"ఇది ఫుల్ హెచ్‌డీ సార్. ఆ చేప పొలుసులు చూడండి, లెక్కపెట్టుకోవచ్చు."

"చేప మాట్లాడదు కదయ్యా. వెనక మూత ఒకసారి తీసి చూపిస్తావా?"

"మూత తీస్తే వారంటీ పోతుంది సార్!"

లోపల చూడకుండా టీవీని మంచిదో చెడ్డదో చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ నున్నటి పలకల వెనక్కి వెళ్లి చూస్తే, తల దూర్చడానికి చోటు కూడా లేదు. రెండో షాపులో పట్టుబట్టి వార్తలు పెట్టించుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, అక్కలాగా పెదాలే చూస్తూ నిలబడ్డారు. పది నిమిషాలు చూసినా ఒక్క మాట అందలేదు. యాభై ఏళ్లుగా అక్క చేస్తున్న పని ఎంత కష్టమో ఆయనకి మొదటిసారి తెలిసొచ్చింది. దూది తీసేసి, షాపువాళ్ల చూపులు తప్పించుకుంటూ బయటపడ్డారు.

ఇక లాభంలేదని నాలుగో రోజు సాయంత్రం అక్కనే వెంటబెట్టుకుని మూడో షాపుకి వెళ్లారు. ఏడు కొట్టింది. గోడనిండా ఉన్న టీవీల్లో ఒకదాంట్లో వార్తలావిడ ప్రత్యక్షమైంది. కనురెప్పలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. పెదాలు చెక్కినట్టున్నాయి. మాస్టారు అక్క మొహం చూశారు. అక్క ఓ నిమిషం చూసింది. తల ఒకసారి ఎడమకి వంచింది, ఒకసారి కుడికి వంచింది.

"ఈవిడ మన ఆవిడ కాదు!"

తన గొంతు ఎంత పెద్దదో అక్కకి తెలియదు. షాపంతా ఇటు తిరిగింది.

"ఆవిడేనక్కా."

"కాదంటుంటే! మన ఆవిడకి మచ్చ ఇక్కడుంటుంది" అని తన ఎడమ చెంప చూపించింది. "దీనికి ఇటుంది. పాపిడి కూడా అటుది ఇటు తీసుకుంది. ఎవరో చెల్లెలయ్యుంటుంది. కింద అక్షరాలు కూడా వెనక్కి పరుగెడుతున్నాయి చూడు."

"మాటలు తెలుస్తున్నాయా, లేదా?"

అక్క మళ్లీ చూసింది. ఈసారి గొంతు తగ్గింది.

"ఊహూఁ. పరాయి నోరులా ఉందిరా. అందట్లేదు."

ఇంత మంచి బొమ్మలో కూడా అందకపోతే ఇంకెందులో అందుతుంది? ఐదు రోజుల తర్వాత సాయంత్రం ఏడింటికి అక్క ఏం చూస్తూ కూర్చుంటుంది? ఆయన కూడా ఆ తెరకేసి కళ్లు చిట్లించి చూశారు. చదువుకున్నవారు కాబట్టి అక్షరాలు చదివారు. తిన్నగానే ఉన్నాయి. అంటే ఈ టీవీలో తప్పులేదు. తప్పు ఇంట్లో ఉంది. ఇంట్లో మచ్చ ఎటుంటుందో గుర్తు తెచ్చుకున్నారు. అక్క చెప్పినవైపే.

పాత సెట్లలో ట్యూబు మెడ చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది. దాని రెండు తీగలు అటుదిటు కలిపితే బొమ్మ కుడిఎడమలుగా తిరగబడుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది. ఆరేళ్ల కిందట ఇంటి సెట్టుకి కాయిల్ మార్చారు మాస్టారు. ఇంకేముంది, అప్పుడే పొరపాటు జరిగిపోయింది! ముప్ఫై ఏళ్ల అనుభవం ఉండి, తన ఇంట్లో, తన అక్కకి, ఆరేళ్లు తిరగబడ్డ మొహాన్ని చూపించారన్నమాట. ఆయనకి తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా అక్క ఏదో అడుగుతూనే ఉంది. ఆయన తల దించుకుని నడిచారే తప్ప ఆవిడకి పెదాలు చూపించలేదు.

మర్నాడు వార్తలకి ముందే సెట్టు మూత తీశారు. ట్యూబులో మిగిలిన కరెంటుని నేలకి దించి, కాయిల్ తీగలు రెండూ ఊడదీశారు. తిరిగి అతికించబోతే చుక్క పక్కకి జారింది. అక్క విసుక్కుంటూ సోల్డరింగ్ ఐరన్ లాక్కుంది.

"ఏది ఎక్కడ పెట్టాలో చూపించు, చాలు."

రెండు చుక్కల్లో పనైపోయింది. సెట్టు వేశారు. ఎదురుగా అద్దంలో వార్తలావిడ వచ్చి కూర్చుంది. మచ్చ కుడివైపుకి మారింది, అక్షరాలు చక్కగా చదవడానికి వస్తున్నాయి. మాస్టారు హమ్మయ్య అనుకున్నారు.

"ఇదిగో, షాపులో చెల్లెలు ఇక్కడికీ వచ్చేసింది!" అని అరిచింది అక్క.

అదే సమయానికి గుమ్మం మెట్టు మీద కూర్చుని బీన్స్ తుంచుకుంటున్న భార్య కూడా అరిచింది.

"ఏవండీ, ఏం చేశారు దాన్ని? అక్షరాలన్నీ తిరగబడ్డాయి!"

"తిరగబడ్డవాటిని ఇప్పుడే సరిచేశానే."

"సరిచేయడమా! ఇన్నాళ్లూ శుభ్రంగా చదువుకున్నాను కదా!"

"ఇన్నాళ్లూ ఎలా చదివావు నువ్వు?"

"కళ్లతో! ఇటొచ్చి మీరే చూడండి."

మాస్టారు విసురుగా లేచి బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చారు. చూశారు. అక్షరాలు తలకిందులుగా కాదుగానీ, కుడిఎడమలుగా తిరగబడే ఉన్నాయి. వెనక్కి తిరిగి గోడకేసి చూశారు. అద్దం. అందులో తనూ, తన వెనక టీవీ, ఆ వెనక స్టూలు మీద ఐరన్ పట్టుకుని అక్క.

ముప్ఫై ఏళ్లుగా ఆయన తన ఇంటి టీవీని ఎదురుగా కూర్చుని చూడలేదు. వెనక కూర్చుని అద్దంలో చూశారు. గీతలు వంకరపోయాయా, రంగులు కారుతున్నాయా, అదే చూశారుగానీ మొహాలు పట్టించుకోలేదు, అక్షరాలు చదవలేదు. అద్దమనేది ఒకటుందన్న సంగతే బుర్రలోంచి జారిపోయింది. మెకానిక్కుగా సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు, దాని వెనకే ఇంకోటి వచ్చింది. అక్క కూడా అంతే కదా. వీధినపోయే వాళ్లందరికీ టీవీ మొహం చూపించి, అక్కకి వీపు చూపించారు. ముందుకొచ్చి కూర్చో అక్కా అని ఇన్నేళ్లలో ఒక్కసారి అనలేదు. ఆ మాట తనకి తోచనైనా లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

జరిగింది చెబితే అక్క కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "అయితే నేనిన్నాళ్లూ ఆవిడ వీపు వెనక కూర్చుని విన్నానన్నమాట!" మరదలు కూడా నవ్వింది. మాస్టారికి నవ్వు రాలేదు.

మర్నాడే మూడో షాపులో చూసిన ఆ టీవీ ఇంటికొచ్చింది. వీధికి కాదు, లోపలి గోడకి, సరిగ్గా అక్క స్టూలుకి ఎదురుగా బిగించారు. మొదటి రెండు రోజులూ అక్క మచ్చ మీద సణుగుతూనే ఉంది, మాటలు సగం అందాయి, సగం జారిపోయాయి. మాస్టారు ఆ అరగంటా గుమ్మానికీ బల్లకీ మధ్య పచార్లు చేశారు. మూడో రోజు అక్క వార్తలవగానే లేచి, తిన్నగా వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మాయ్, ఇటు తిరుగు. పాత ప్రసారాలు రేపటితో సరి అంట. ఆవిడే చెప్పింది."

నెలాఖరు దాటింది. బల్ల మీది పాత సెట్టులో చుక్కలు తప్ప ఏమీ లేవు. మాస్టారు దాన్ని దించి మూలకి చేర్చారు. కాళ్లూ చేతులూ ఊరుకోవడంలేదు, ఇంకేమైనా తీసెయ్యడానికి ఉందా అని చూశారు. అద్దం కనిపించింది. వెళ్లి మేకుల నుంచి దాన్ని ఎత్తబోయారు.

"అదెందుకు తీస్తున్నావు?" వెనకనుంచి అక్క.

"ఇంకేం పని దీనికి? ఇప్పుడొచ్చే టీవీలకి వెనకనేదే లేదు" అన్నారు ఆయన గోడకేసి తిరిగే.

"నువ్విప్పుడన్నది నాకెలా తెలిసిందనుకున్నావు?"

మాస్టారి చేతులు అద్దం అంచుమీదే ఆగిపోయాయి. అందులో ఆయన మొహం, భుజం మీదుగా అక్క మొహం.

"అందులోంచేరా" అంది అక్క. "నువ్వెప్పుడూ అటు తిరిగే మాట్లాడతావు. నీ మాటలన్నీ నాకు అందులోంచే వచ్చాయి. ఆవిడకి కొత్త టీవీ తెచ్చావు, బాగానే ఉంది. అది తీసేస్తే నీ మాటలు నాకెలా వస్తాయి?"

ఆయన అద్దాన్ని మేకులకి మళ్లీ సరిగ్గా తగిలించారు. తర్వాత బల్ల దగ్గర తన స్టూలు ఎత్తి తెచ్చి, అక్కకి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. ఇద్దరి మోకాళ్లూ తగిలేంత దగ్గరగా. నోరు తెరిచారు. పొద్దస్తమానం వాగే మనిషికి ఒక్క మాట కూడా దొరకలేదు.

అక్క ఆయన పెదాల వంకే చూస్తూ, ఒళ్లో చేతులు పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.

"కంగారు లేదు" అంది. "ఆవిడలాగా మెల్లగా చెప్పు."