ఆదివారం నూనె

మా అమ్మకు ఆదివారం అంటే నా తలకు నూనె పెట్టే రోజు. ఇంటర్‌లో చేరి, మీసం మొలిచి, ఇక నేను పెద్దవాణ్నైపోయానని అనుకుంటున్న రోజుల్లో కూడా ఆమె వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, గల్లీ అంతా వినపడేలా పిలిచేది. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది.

"అందరు చూస్తున్నరమ్మా."

"చూడనియ్. ఈ నెత్తి నా చేతులనే పెరిగింది" అని మెడ వంచి ముందు కూర్చోబెట్టుకునేది.

ఒకసారి కూర్చున్నాక మాత్రం హాయిగా ఉండేది. ఆమె ముఖం నాకు కనపడదు, నా ముఖం ఆమెకు కనపడదు. ఎదురుగా నిలబడి చెప్పలేనివన్నీ అక్కడ చెప్పేసేవాణ్ని. ఫిజిక్స్‌లో తప్పిన సంగతి కూడా అట్లాగే బయటపడింది. ఆమె "ఊఁ" అనేది, చేయి ఆపేది కాదు. తిట్లేమైనా ఉంటే తలస్నానం అయ్యాకే.

పక్కింట్లో నా ఈడువాడొకడు ఉండేవాడు. వాడికి తల్లి లేదు. తండ్రి మన్నెగూడ వైపు ప్లాట్లు అమ్మించేవాడు, ఇంట్లో కనపడేదే తక్కువ. ఆయన్ను మా అమ్మ అన్నా అని పిలిచేది కాబట్టి వాడికి అమ్మ అత్త అయింది. నా తల అయిపోగానే వాడు అడక్కుండానే వచ్చి కూర్చునేవాడు. "జర గట్టిగ పెట్టత్తా" అని కళ్లు మూసుకునేవాడు. వీడికి సిగ్గూ శరం లేదని నేను ఎగతాళి చేసేవాణ్ని.

ఆ ఏడే చెరువు కట్ట అవతల కొందరు పిల్లలు గంజాయి మొదలుపెట్టారు. మా ఇద్దరికీ అది కూరిన సిగరెట్ చాపారు. వాడు తీసుకున్నాడు. నేను రేపు చూద్దామని వచ్చేశాను. ఆదివారం అమ్మ చేతుల కింద ఆ మాట చెప్పేశాను. అప్పుడు చేయి ఆగింది.

"తాగినవా?"

"లేదు. తాగాలనిపించింది."

కాసేపటికి మళ్లీ వేళ్లు కదిలాయి. "అనిపిస్తే నా దగ్గరికి రా బిడ్డా" అంది.

అమ్మ చెప్పినట్టుంది, మర్నాటి నుంచి మా బాపు పని కాగానే కాలేజీ గేటు దగ్గరికి వచ్చేవాడు. ఇద్దరం పెద్దగా మాటల్లేకుండా ఇంటికి నడిచేవాళ్లం. కాపలా పెట్టారని నాకు ఒళ్లు మండేది. ఈ రోజు బతికి ఇది రాస్తున్నానంటే ఆ నడకే కారణమని నా నమ్మకం.

తర్వాతి వారం వాడు తనంతట రాకపోతే అమ్మే చేయి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. జుట్టులో వేళ్లు పెట్టగానే ఆమెకు పొగ వాసన తగిలింది. నూనె గిన్నె అక్కడే వదిలేసి వాళ్లింటికి నడిచింది.

"అన్నా, పిలగాని నెత్తిల వాసనొస్తున్నది. బీడీ వాసన గాదు. జర పక్కన కూసోబెట్టుకొని మాట్లాడు."

"బండి ఇప్పిచ్చిన, ఫోన్ ఇప్పిచ్చిన. వానికేం తక్కువ జేసిన చెల్లే? ఈ వయసుల పోరగాళ్లు గట్లనే ఉంటరు" అన్నాడాయన.

చెడ్డమనిషి కాదు. రోజంతా ఆ తిరుగుడు కొడుకు కోసమే. కానీ ఆ పూట ఆయన మీద వచ్చిన కోపం నాకింకా పోలేదు.

వాడు రావడం మానేశాడు. అమ్మ ప్రతి ఆదివారం గోడ మీంచి పిలిచేది. వాడు వినపడనట్టు బండి స్టార్ట్ చేసేవాడు.

చెరువు నిండిన వానాకాలంలో వాడు మత్తులో నీళ్లలోకి దిగాడు. వెంట ఉన్నవాళ్లు భయపడి పారిపోయారు. చేపలు పట్టేవాళ్లు తెల్లారి బయటికి తీశారు.

వాళ్ల వాకిట్లో పడుకోబెట్టారు. చివరి స్నానానికి ముందు అయినవాళ్లు తలకు నూనె పెట్టాలి, ముందు తండ్రి. అమ్మ మా ఇంటి సీసాలోంచి ఆయన అరచేతిలో నూనె పోసింది. ఆయన కొడుకు తలనూ, తన చేతినీ చూస్తూ నిలబడిపోయాడు.

"ఎట్ల పెట్టాలె చెల్లే?"

అమ్మ ఆయన చేయి పట్టుకుని వాడి తల మీద పెట్టింది. "గట్టిగ పెట్టన్నా. వానికి గట్టిగ పెడితెనే ఇష్టం."

ఆయన తల దగ్గర కూర్చుని పెట్టడం మొదలుపెట్టాడు. నీళ్లు కాగినయని పెద్దవాళ్లు చెప్పారు. ఆయన వినలేదు. "ఏమైంది బిడ్డా, నాకు చెప్పు, చెప్పు బిడ్డా" అంటూ నూనె పెడుతూనే ఉన్నాడు.