తాత విప్పిన పలుపులు

మొన్నొక మధ్యాహ్నం శంషాబాద్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే దారిలో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానలో, మా అన్న మనుమరాలి తొలికాన్పుకని పోయి కూర్చున్నాను. పిల్ల కాళ్ళు దిమ్మల్లా వాచాయి, పొద్దుటినుంచి తలనొప్పి. రక్తపోటు చూసిన డాక్టరమ్మ ముఖం మారింది. ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని, ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయమని విడమరచి చెప్పింది. అంతా విని పిల్ల మామ జేబులోంచి ఫోన్ తీశాడు. రక్తం ఏర్పాటుకేమో అనుకున్నాను. పెద్దమనిషి చేసింది సిద్ధాంతికి. ఇప్పుడు రాహుకాలమట, ఈ వేళ బిడ్డ పుడితే తండ్రికి గండమట, అది దాటేదాకా కత్తి పెట్టనివ్వనన్నాడు. పక్కన తల ఊపిన మగడు ఆ ఎదుటి విమానాశ్రయంలో సామాను ఎక్కించే పనికి సూపర్‌వైజరు. రోజూ రాహుకాలంలోనే విమానాలు నింపి పంపుతాడు. రన్‌వేకు అడ్డురాని రాహువు ఆడదాని కడుపుకు మాత్రం అడ్డొస్తాడు కాబోలు.

ఆ వాచిన కాళ్ళు చూడగానే నాకు మా చిన్నమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కూడా తొలికాన్పుకే కొత్వాల్‌గూడలోని పుట్టింటికి వచ్చింది. అమ్మతో పాటు నేనూ అక్కడే ఉన్నాను. చిన్నమ్మ కాళ్ళకు వెండి కడియాలు చర్మంలోకి దిగిపోయి, ఆముదం రాసినా ఊడి వచ్చేవి కావు. అది చూసి మా ఇంటి ఆడవాళ్ళు మగపిల్లవాడి గురుతని మురిసిపోయారు. తల పగిలిపోతున్నదంటే ఎండ అన్నారు, కళ్ళు మసకలంటే దిష్టి అన్నారు. మన ఈడువాళ్ళకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో బాలింతలు పోతే రాత అనే ఒక్క మాట కప్పి, ఏడాది తిరక్కుండా అల్లుడికి మరో సంబంధం చూసేవాళ్ళు.

నొప్పులు మొదలై పొద్దెక్కినా కాన్పు కాలేదు. అప్పుడు బయటపడింది మా పెద్దల పాండిత్యం. ఇంట్లో ముడి ఉంటే కడుపులో ముడి పడుతుందట, తాళం వేసి ఉంటే బిడ్డకు దారి మూసుకుంటుందట. పెట్టెల తాళాలు తీశారు, గాదె తలుపు తెరిచారు, వడ్ల బస్తాల మూతికట్లు విప్పారు, నన్ను పట్టుకొని నా రెండు జడలూ విప్పారు. ఊరి తగవులన్నీ తీర్చే మా తాత స్వయంగా కొట్టంలోకి పోయి ఎడ్ల పలుపులు కూడా విప్పి, గొప్ప వైద్యం చేసినవాడిలా చేతులు దులుపుకున్నాడు. ఎడ్లకు ఏ శాస్త్రమూ తెలియదు గనుక అవి తిన్నగా హిమాయత్‌సాగర్ పచ్చికకు పోయాయి.

కాసేపటికే చిన్నమ్మ కొయ్యబారి, నోట నురగ కక్కింది. గాలి సోకిందని వేపమండలు తెచ్చారు. అమ్మ ఆ మండలు లాక్కొని విసిరేసి తాత ముందుకొచ్చి నిలబడింది.

"బండి కట్టు బాపూ. పట్నం దవాఖానకు తీస్కపోదాం."

బండిలో గడ్డి పరిచారు, దుప్పటి వేశారు. ఎడ్లు లేవు. మగవాళ్ళు చెరువు కట్ట పొడుగునా ఉరికి, వాటిని వెతికి తోలుకొచ్చేసరికి బండితో పని లేకుండా పోయింది. కడుపులో బిడ్డ కడుపులోనే ఉంది. అంత జరిగినా ఎవరికీ ఎడ్ల మాట తోచలేదు. ఎక్కడో ఒక ముడి మిగిలే ఉంటుందని వెతికి వెతికి, నా లంగా నాడా ముడి విప్పలేదని కనిపెట్టారు. నిండు గర్భిణిని చంపిన నేరం ఏడేళ్ళ పిల్ల నడుముకు కట్టి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఇదంతా ఆ దవాఖాన వరండాలో పిల్ల మామకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"గా కాలం వేరే పెద్దమ్మా. గిప్పుడు మిషన్లున్నయి, డాక్టర్లున్నరు. జర ఆగితే ఏమైతది?"

"మా తాత ఎడ్లను విడిచిండు. నువ్వు డాక్టర్నే కట్టేసినవ్," అన్నాను.

వరండాలోకి తెరిచి ఉన్న గదిలో, మంచం మీది నుంచి పిల్ల కాగితం కోసం చెయ్యి చాపింది.

"నాకు కండ్లు మసకలైతున్నయి మామా. సంతకం నేనే పెడ్త."

డాక్టరమ్మ ఎదురుచూస్తున్నది కూడా ఆ పిల్ల మాటకోసమే. లోపలికి తీసుకుపోయే ముందు, వాచిన వేళ్ళ నుంచి మెట్టెలు రాకపోతే నర్సు వాటిని కత్తిరించి తీసేసింది. అపశకునమని అత్త గొల్లుమన్నది. నడి రాహుకాలంలో ఆడపిల్ల పుట్టింది, తల్లి బతికింది. తండ్రికి జలుబైనా చేయలేదు. అయినా ఇప్పుడా పసిదాని పేరున శాంతి చేయిస్తున్నారట. నన్ను పిలవలేదు, సంతోషం.

మా తాత కొట్టం ఉన్నచోట ఇప్పుడు ఎత్తైన అపార్టుమెంట్లు లేచాయి, ఎడ్లు మేసిన దిక్కున కార్లు బారులు తీరి పోతున్నాయి. పలుపులు పోయాయి గాని వాటిని మెదడుకు కట్టుకున్నవాళ్ళు మాత్రం లిఫ్టులెక్కి తిరుగుతున్నారు. తెగిన ఆ మెట్టెలు నర్సు నా అరచేతిలో పెట్టినప్పుడు చిన్నమ్మ కాళ్ళే కనబడ్డాయి. ఊడి రాక, ఆ కడియాలతోనే ఆమెను సాగనంపారు. ఇల్లంతా ముళ్ళు విప్పిన అన్ని చేతుల్లో, తెంపే చెయ్యి ఒక్కటీ లేకపోయింది.