లోపలి కోడి

అమీర్‌పేటలో మేమున్న అపార్ట్‌మెంట్ కింద కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు ఉండేవి. వాటిలో ఒకదాంట్లో నేను ఆఫీసు పని చూసేవాణ్ణి. వారమంతా జావా నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళతో మెట్లు నిండిపోయేవి. ఆదివారం పొద్దున మాత్రం రెండో అంతస్తులో గీతా సత్సంగం జరిగేది. చెప్పేది కోస్తా నుంచి వచ్చి మా బిల్డింగ్‌లోనే స్థిరపడిన ఒక రిటైర్డ్ లెక్చరర్. అందరూ మాస్టారనేవారు. వినేవాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్ళ భార్యలు. మాది నేతపని ఊరు. మొదటి రోజే ఒకావిడ, "మీ భాష భలే ఉంటుందండీ, సినిమాల్లో కామెడీ వాళ్ళలా" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకు ఇంకా గుర్తుంది.

అయినా వెళ్ళేవాణ్ణి. మాస్టారు బాగా చెప్పేవారు మరి. కురుక్షేత్రం ఎక్కడో లేదు, గుండెలోనే ఉంది అనేవారు. "అంటే సార్, బయట కనిపించేది స్క్రీన్, అసలు ప్రోగ్రామ్ లోపల నడుస్తుంది, అంతేగా?" అని ఒక కుర్రాడు అంటే ఆయన మురిసిపోయారు. ఆరు రోజులు అలిసిపోయిన నాకు ఆ మాటలు హాయిగా ఉండేవి. ఉపవాసాలు చేయనక్కరలేదు, క్యూలో నిలబడనక్కరలేదు.

ఆషాఢం వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా పాపకు కామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అమ్మ బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుంది. బతికున్నన్నాళ్ళు ఏటా బోనమెత్తి, కోడిని కోయించి, తన ఇంట్లో తన చేత్తో వండి నలుగురికి పెడతానంది. బల్కంపేట గల్లీలో అద్దెకున్నంత కాలం ఆ మొక్కుకు లోటు రాలేదు. ఈ ఫ్లాట్‌లోకి వచ్చాక అదే మొదటి బోనాల పండుగ.

దానికి ముందు ఆదివారం మాస్టారు బలి గురించి చెప్పారు. జంతువంటే మనలోని అహంకారమట, దాన్ని కోయడమే అసలైన బలి అట. పంజగుట్టలో ఆఫీసున్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ వెంటనే అందుకున్నాడు. "కాబట్టి మన బిల్డింగ్‌లో అలాంటివి వద్దండీ" అన్నాడు. అంటూ నా వైపే చూశాడు.

మాస్టారి మాట నాకూ నిజమే అనిపించింది. ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"మంచిగనే చెప్పిండు. గా లోపలి కోడిని ఆయన కోసుకోమను. నేను తల్లికి చెప్పింది బయటి కోడి."

"బిల్డింగ్‌ల వద్దంటున్నరే అమ్మా."

"ఎవడో వద్దంటే ఇడిసిపెట్టేటిదానికి మొక్కెందుకు బిడ్డా?"

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కోయించేది గుడి దగ్గరే, వండేటప్పుడు తలుపులు వేసుకుంటాం, మీరొక మాట చెబితే సెక్రటరీ వింటాడు అని బతిమాలాను. ఆయన మెత్తగా నవ్వారు. "ఇన్నాళ్ళు విని కూడా మీరింకా బయటే ఆగిపోతే ఎలాగండీ?" అన్నారు. కసురుకుని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. ఆ మెత్తదనమే ముల్లులా ఉండిపోయింది.

ఎర్రగడ్డలో మా పిన్ని కూతురికి రెండు గదుల ఇల్లు ఉంది. అమ్మ బోనం సమర్పించి, గుడి దగ్గర కోయించిన కోడితో అక్కడికి వెళ్ళి, వండి పెట్టింది. తిరిగొస్తుంటే ఆటోలో ఒకటే మాట అంది. "పెట్టుడైతే పెట్టిన. నా ఇంట్ల పెట్టలే."

చలికాలంలో మాస్టారు మా తలుపు తట్టారు. "రేపు మా నాన్నగారి ఆబ్దికమండీ. భోక్తలొస్తారు, మడి. ఉల్లి, వెల్లుల్లి, మాంసం వాసనలు మెట్ల మీదికి రాకుండా కాస్త చూసుకోండి." సరేనన్నాను. ఆదివారం సత్సంగంలో మాత్రం ఊరుకోలేదు.

"మాస్టారూ, పిండానికి లోపలి అర్థం ఏంటండీ? తండ్రిని మనసులో తలుచుకుంటే చాలదా?"

అందరూ నన్నే చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది వేరండీ. అది శాస్త్రం."

"మరి మా అమ్మది?"

"అది... మీ వాళ్ళ ఆచారం."

ఆ రోజు కాఫీ పళ్ళెం నా పక్క వరకూ వచ్చి వెనక్కి తిరిగింది. ఇక అక్కడికి వెళ్ళలేదు.

అమ్మ సంతోషిస్తుందనుకుని జరిగింది చెప్పాను. ఆమె విసుక్కుంది.

"ఎందుకడిగినవ్ అట్ల? తండ్రికి పెట్టుకున్నడు. కొడుకు పెట్టకుంటే ఎవరు పెడ్తరు? ఆ దినం నేను సుత పప్పుల ఎల్లిగడ్డ ఏయలె."

ఆ పప్పు నేనూ తిన్నాను గాని వెల్లుల్లి లేదని గమనించలేదు. ఒళ్ళు మండింది.

"ఆయన మడికి నువ్వు ఎల్లిగడ్డ మానేస్తివి. నీ కోడికి ఆయనేం చేసిండు?"

"ఆయనకు తెల్వదు. నాకు తెలుసు. జర పండనియ్యి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

లోపలి అర్థం అబద్ధమని నేను ఇప్పటికీ అనను. నాలో కూసే కోడి సంగతి నాకూ తెలుసు. కానీ ఆ అర్థాలు ఎప్పుడూ ఎదుటివాడి పూజకే దొరుకుతాయి. ఎవరి అన్నం ముద్ద వాళ్ళకు అన్నం ముద్దే.

మరుసటి ఆషాఢానికి నేను సిద్ధంగా ఉన్నాను. సెక్రటరీకి ఏం చెప్పాలో, మాస్టారికి ఏం చెప్పాలో ఏడాదిగా కూడబెట్టుకున్నాను.

"ఈసారి ఇంట్లనే వండే. ఎవడొస్తడో నేను చూస్త" అన్నాను.

"తలుపు కాడ లొల్లి నడుస్తుంటే లోపట ఎవరన్న కడుపునిండ తింటరా? వచ్చినోళ్ళు తినకుంటే అది మొక్కెట్లయితది?"

మళ్ళీ ఎర్రగడ్డకే వెళ్ళాం. వానలో ఆటో అంగుళం అంగుళం కదిలింది. ఆ ఇరుకు వంటింట్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని మసాలా కలిపింది. వాసన గల్లీ చివరిదాకా పోయింది, ఎవరూ ఏమీ అనలేదు. చుట్టాలు వరసగా కూర్చుని విస్తళ్ళు సర్దుకుంటున్నారు. అమ్మ గరిటె పట్టుకుని, తనవి కాని డబ్బాల వైపు చూస్తూ, పిన్ని కూతురిని పిలిచి అడిగింది.

"ఉప్పు ఏడ పెట్టినవే?"