హెల్మెట్ నా చేతికిచ్చి వెళ్ళిన మనిషి

నా భర్తను నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన ఒక మనిషిని కొడుతున్నాడు.

నెల్లితోపు బజారులో నాన్నకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళితే నేను కూర్చునేదాన్ని. ఆ రోజు ఎదురుగా నిలబెట్టి ఉన్న మోటార్ సైకిల్‌ను ఒక ఆటో వెనక్కి వస్తూ గుద్ది పడేసింది. పక్క కొట్లో కాఫీ తాగుతున్న బండి మనిషి గ్లాసు వదిలేసి వచ్చాడు. ఆటో డ్రైవర్ని చొక్కా పట్టి బయటికి లాగి మొహం మీద రెండు గుద్దులు గుద్దాడు. పెదవి చీలి గడ్డం మీదికి రక్తం కారింది. కొట్టినవాడు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, బండి ట్యాంకు మీద పడిన సొట్టను బొటనవేలితో తడుముకుంటూ ఉండిపోయాడు.

ఏడాది తిరక్కుండా ఆ మనిషి సంబంధమే మా ఇంటికి వచ్చింది. రెడ్డియార్‌పాళయంలో పాత తెలుగు కుటుంబం, సర్కారు ఉద్యోగం. నేను ఫొటో చూసి గుర్తుపట్టాను.

"ఈయన కొట్టేవాడు నాన్నా," అన్నాను.

"నిన్ను కొట్టలేదు గదమ్మా. ఇనుప బండి మీదనే అంత ఆశ ఉండేవాడు పెండ్లాన్ని చూసుకోడా?"

ఆ వాదన నాకు నచ్చలేదు. పెళ్ళిచూపుల రోజు, అందరి ముందూ నేనే అడిగాను. "ఆటో ఆయన పెదవి మానిందా?"

ఆయన మొహం కందిపోయింది. "మూడు కుట్లు పడినాయి. నేనే పిలుచుకోని పోయినాను, సాయంత్రం," అన్నాడు. ఆ జవాబు విని ఒప్పుకున్నాను.

నా మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. కోపం వస్తే తలుపుల్ని గుద్దేవాడు. ఉప్పళంలో మేం కాపురం పెట్టిన ఇంట్లో స్నానాలగది తలుపు రెండుసార్లు మార్చాం. బయట మాత్రం ఎవరో ఒకరి మీద చెయ్యి చేసుకోని నెల ఉండేది కాదు. లైను దాటి వచ్చినవాడు, హారన్ కొట్టినవాడు, మాట జారినవాడు. వేళ్ళ కణుపులు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. అన్నం కలిపేటప్పుడు పులుసు తగిలి మండితే పళ్ళు బిగపట్టేవాడు.

ఆ బండి వాళ్ళ నాన్న వాడింది, వయసులో ఈయనకంటే రెండేళ్ళు పెద్దది. ఆదివారం పొద్దున్నే వసారాలో పాత పేపర్లు పరిచి దాన్ని విప్పేవాడు. ప్రతి నట్టూ తుడిచి, విప్పిన వరసలోనే పేర్చి, మళ్ళీ బిగించేవాడు. తరవాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని సముద్రం పక్క రోడ్డు మీద మరక్కాణం ఉప్పు మళ్ళ దాకా తీసుకుపోయేవాడు. ఆ గంటన్నర ఆయన భుజాలు మెత్తగా ఉండేవి.

అలా తిరిగి వస్తున్న ఒక ఆదివారమే లారీ కింద పడిన మొపెడ్‌ను చూశాం. నడుపుతున్న మగమనిషి తల మీద చక్రం ఎక్కింది. అటు చూడొద్దన్నాడు కానీ చూశాను. ఇంకో పక్క, వెనక కూర్చున్న ఆడమనిషి బతికే ఉంది. తొడ దగ్గర మాంసం తెరుచుకుని రక్తం ఎగిసి పడుతోంది. చుట్టూ పాతికమంది నిలబడి ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. ఆయన ఒకడి చేతిలో ఫోన్ లాక్కుని రోడ్డుకేసి కొట్టి, నా వైపు తిరిగి, "చున్నీ ఇయ్యే!" అని అరిచాడు. కట్టాడు. వ్యానొకదాన్ని ఆపి ఆమెను ఎక్కించాడు. దారంతా ఆమె ఆయన కాలరు పట్టుకునే ఉందట. ఆస్పత్రి గేటు దగ్గర వదిలేసింది.

"ఇంకా పైన, ఇంకా గట్టిగా కట్టుంటే చాన్స్ ఉండేది," అన్నాడట డాక్టరు.

ఇంటికొచ్చి ఆ మాటే పదిసార్లు చెప్పాడు. ఆ వారమే ప్రథమ చికిత్స క్లాసుకు వెళ్ళాడు. బండ్ల పిచ్చి ఉన్న స్నేహితుల్ని ఏడెనిమిది మందిని కూడగట్టాడు. టీ కొట్లలో, పంక్చర్ షాపుల్లో తమ ఫోన్ నంబర్లు అతికించారు. ఎక్కడ యాక్సిడెంట్ అయినా అంబులెన్సు కంటే ముందు వీళ్ళ బండ్లు చేరేవి. తెగిన వేళ్ళు సంచిలో వేసి తెచ్చాడు. బస్సు మెట్ల కింద నలిగిన ముసలాయన నోట్లోంచి విరిగిన పళ్ళు తీసి ఊపిరి ఆడేలా చేశాడు. ఆయన చొక్కాలు నేను చల్లనీళ్ళలో ఉప్పేసి నానబెట్టేదాన్ని. బకెట్టు ఎర్రబడితే పారబోసి మళ్ళీ నింపేదాన్ని.

కొట్లాటలు ఆగిపోయాయి. ఎందుకని అడిగితే, "చెయ్యి రాదే ఇంక. లోపల ఏముండాదో చూసేసినాను గదా," అన్నాడు. తలుపుల్ని మాత్రం గుద్దేవాడు.

ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో మెసేజీలు వచ్చాయి. నాక్కూడా వచ్చింది. నేనూ ఇద్దరికి పంపాను. ఆ సంగతి దాచను.

ఒక శుక్రవారం పొద్దున కూరగాయలకని బండి మీద నెల్లితోపు వెళ్ళాం. మార్కెట్ ముందు జనం గుంపుగా ఉన్నారు. మధ్యలోంచి తడిబట్ట బండకేసి బాదుతున్నట్టు చప్పుడు వస్తోంది. "పిళ్ళ పుడిక్కిరవన్! విడాదీంగ!" అని తమిళంలో అరుస్తున్నారు. పిల్లల్ని పట్టుకుపోయేవాడు, వదలొద్దు అని. తరవాత తెలిసింది, ఒడిశా నుంచి టైల్స్ పనికి వచ్చిన మనిషి. బస్సుకు అడ్డం పరిగెత్తిన ఒక పాపను చెయ్యి పట్టి పక్కకు లాగాడు. పాప తల్లి కేక పెట్టింది. అతనికి బదులు చెప్పే భాష లేదు.

"దిగు," అన్నాడు ఆయన. హెల్మెట్ తీసి నా చేతికిచ్చాడు.

"వేండాం అండీ, వద్దు, పోలీసులు వస్తారు. హెల్మెట్ అన్నా పెట్టుకోండి."

"మొహం కనపడాల. నన్ను తెలిసినోళ్ళు ఉంటారు."

హారన్ నొక్కి పట్టి గుంపులోకి బండి తోలాడు. జనం విడిపోయిన సందులోంచి కింద పడి ఉన్న మనిషి కనిపించాడు. ఒక కన్ను మూసుకుపోయింది, చెవి సగం వేలాడుతోంది. ఈయన బండి వదిలేసి అతని మీద బోర్లా పడుకున్నాడు. "నేనప్పా! నేను!" అని తన పేరు చెప్పి అరిచాడు. తెలిసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ కొట్టారు. కట్టెలతో, కూరగాయల తూకం రాళ్ళతో, చెప్పుల కాళ్ళతో కొట్టారు. ఆయన చేతులు రెండూ కింద ఉన్నవాడి తల చుట్టూ ఉన్నాయి. ఒక్కసారి కూడా పైకి లేపలేదు. ఎవరో బండి పెట్రోలు పైపు లాగి అగ్గిపుల్ల గీశారు.

నేను దారి చేసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన కుడి మణికట్టు మీద ఇనుప రాడ్డుతో కొడుతున్నవాడి వీపు నాకు కనిపించింది. హెల్మెట్ రెండు చేతులా పట్టుకుని వాడి తల మీద కొట్టాను. వాడు ఇటు తిరిగాడు. మా ఎదురింటాయన. పదేళ్ళుగా నేను అన్నా అని పిలిచిన మనిషి. తిరిగాక, ఎవరో తెలిశాక, మళ్ళీ కొట్టాను. నుదురు చిట్లి మొహమంతా రక్తమైంది. మూడోసారి ఎత్తాను కూడా. అంతలో పోలీసు జీపు వచ్చి జనం చెదిరిపోయారు.

ఒడిశా మనిషి బతికాడు. ఈయనకు నాలుగు పక్కటెముకలు విరిగాయి. మణికట్టు పొడి అయింది, ప్లేటు వేశారు. కాలిపోయిన బండిని స్నేహితులు తెచ్చి వసారాలో పెట్టారు. నెల రోజులు దాని ఎదురుగా కూర్చున్నాక, పాత ఇనుము వాణ్ణి ఆయనే పిలిచాడు. వాళ్ళు దాన్ని ఎత్తుతుంటే లోపలికి పోయి, ఎడమ చేత్తో తలుపును గుద్దాడు.

ఎదురింటి వదిన వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. "కోర్టులో మా ఆయన్ని చూడలేదని చెప్పు చెల్లీ. బిడ్డలు ఉండారు మాకు."

"మీ ఆయన చేతిలో ఏముండిందో మీరు చూడలేదు వదినా," అన్నాను. ఆమెను లేపలేదు. అది ఇప్పటికీ తలుచుకుంటాను.

కోర్టుకు వెళ్ళే ముందు, ఏం చెప్పమంటారని మా ఆయన్ని అడిగాను. "చూసింది చెప్పు. తగ్గించొద్దు, పెంచొద్దు," అన్నాడు. నేను కొట్టింది కూడా చెప్పాను. ఆ మాట అవసరం లేదని మా వకీలు కళ్ళతో సైగ చేశాడు. అయినా చెప్పాను. ఎదురింటాయనకూ ఇంకొందరికీ శిక్ష పడింది. వదిన పిల్లల్ని తీసుకుని కడలూరు వెళ్ళిపోయింది.

కుడి చెయ్యి తిరగదు కాబట్టి ఆయనిక బండి నడపలేకపోయాడు. నేను స్కూటర్ నేర్చుకున్నాను. ఫోన్ వస్తే నేను నడిపేదాన్ని, ఆయన వెనక మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. "బ్రేకు! ఏంది, యాడ చూస్తా ఉండావు?" అని దారంతా తిట్టేవాడు. రోడ్డు పక్కన మోకరిల్లి ఆయన చెబుతుంటే నేను కట్లు కట్టేదాన్ని. నా చేతుల కింద ఇద్దరు పోయారు. ఎక్కువమంది బతికారు.

మూడేళ్ళ తరవాత ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ పోయాడు. గుండె. గ్లాసు ఒలికి లుంగీ తడిసింది. నేర్చుకున్నదంతా చేశాను. ఛాతీ మీద నొక్కుతుంటే, పాతవి అతుక్కున్న చోటే ఒక పక్కటెముక నా అరచేతుల కింద మళ్ళీ విరిగింది. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు.

ఊరికి తిరిగిపోయిన ఒడిశా మనిషికి ఫోన్ చేసి చెబితే అర్థం కాలేదు. పక్కనున్నవాళ్ళెవరో చెప్పారు. ఫోన్లోంచి ఏడుపు వినిపించింది. పన్నెండో రోజుకు రైలెక్కి వచ్చాడు. చెవి కుట్టిన చోట తోలు ముడతపడి ఉంది. ఫొటో ముందు నేల మీద చాలాసేపు కూర్చున్నాడు. పెట్టింది తిన్నాడు, తిన్న కంచం తనే కడిగాడు.

సాయంత్రం స్టేషన్‌లో దింపుతానన్నాను. స్కూటర్ ఎక్కాక తన బ్యాగు తడుముకున్నాడు, తరవాత నా భుజం తట్టి ఒకే మాట అడిగాడు.

"నెల్లితోపు?"

ఆ బజారు మీదుగా పోమని, దారి వేరే అని చెయ్యి ఊపి చూపించాను. వెనక అతను బిగబట్టిన ఊపిరి వదలడం నాకు వినిపించింది. స్కూటర్ స్టార్ట్ చేశాను.